బోర్లించిన మగ్గు

రెండో నంబరు ట్యాంకు మూతిలోకి భుజాల దాకా దూరి, పలకమ్మ లోపలి గోడను బ్రష్షుతో రుద్దుతోంది. ఆ మూతి నేలకు మోకాలెత్తున, పెద్ద పళ్లెమంత గుండ్రంగా ఉంటుంది. నిన్న మధ్యాహ్నం అందులోని బీరంతా పీపాల్లోకి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఫ్యాను పెట్టి లోపలి గాలిని బయటికి తోలించింది. అలా తోలకుండా తల దూరిస్తే మనిషి మళ్లీ లేవడు. ఇరవై ఆరేళ్లలో ఆమె ఆ పని ఒక్కనాడూ మరిచిపోలేదు.

ముందు చన్నీళ్లు, తర్వాత చాకలి సోడా కలిపిన వేడి నీళ్లు, తర్వాత బ్రష్షు, ఆపైన మూడు విడతలు మంచినీళ్లు. ఆఖరి విడత నీళ్లు అడుగునున్న కుళాయి నుంచి కారుతుంటే స్టీలు మగ్గు పట్టి, ఆ నీళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. తర్వాత ట్యాంకు మూతి దగ్గర కళ్లు మూసుకుని ఒక్క దీర్ఘశ్వాస తీయాలి. ఏ పులుపూ తగలకపోతే మగ్గు దులిపి, ట్యాంకు మీదుగా పోయే పైపు పక్కనున్న చిన్న చెక్క మీద బోర్లించాలి. మగ్గు బోర్లించి ఉందంటే ట్యాంకు శుభ్రంగా ఉందని లెక్క. ఇక కాగితం, సంతకం ఏవీ అక్కర్లేదు. బీరు కాచే మేస్త్రి వచ్చి ఆ మగ్గును చూసి, మారు మాట్లాడకుండా కొత్త బీరు నింపేస్తాడు.

ఇవాళ కూడా పలకమ్మ మగ్గు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. ట్యాంకు మూతి దగ్గర కళ్లు మూసుకుంది. అక్కడా ఏమీ లేదు. చుట్టుపక్కల చూసేవాళ్లెవరూ లేకపోయినా, అలవాటు ప్రకారం ఆగాల్సినంత సేపు ఆగి, తలూపి, మగ్గు బోర్లించింది. చేస్తున్నది దొంగపనని ఆమెకు తెలుసు. రెండు నెలలుగా ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకుంటోంది.

బస్టాపులో పక్కనే పావుగంట నిలబడినా గుర్తుండే మొహం కాదు పలకమ్మది. యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, బండలు మోసినట్టు గట్టి చేతులు. సోడా నీళ్లకు గోళ్లు తెల్లబడిపోయాయి. తలకు గుడ్డ కట్టుకుని, ఒక సైజు పెద్దవైన రబ్బరు బూట్లు వేసుకుని నడుస్తుంటే, ఆవిడకంటే ముందు బూట్ల చప్పుడే వస్తుంది. పై అంతస్తులో వీధి వైపు బీరు పోసే కౌంటరు ఉంది, వెనక సీసాలు నింపే గది ఉంది, మధ్యలో ఆఫీసు ఉంది. ఆవిడది మాత్రం పద్నాలుగు మెట్లు దిగితే వచ్చే కింది గది. అక్కడ పది ట్యాంకులు రెండు వరసల్లో నిలబడి ఉంటాయి. పైన కూర్చుని తాగేవాళ్లలో ఒక్కరికీ ఆవిడ ఎవరో తెలియదు. కానీ వాళ్లు నోరు తెరిచి ఏ బీరు అడిగినా, అది పలకమ్మ పెట్టిన పేరే.

ఇదెలా మొదలైందంటే, మొదట్లో ట్యాంకులకు పేర్లుండేవి కావు. ఏ రోజు కాచారు, ఎన్నో విడత, ఏ ట్యాంకు అన్నీ కలిపి ఒక పొడుగాటి నంబరు ఉండేది. మేస్త్రికి ఆ నంబర్లు నోటికి వచ్చు. ట్యాంకులు కడగడానికి కొత్తగా చేరిన మనిషికి వస్తాయా? ఒక్కటీ తలకెక్కలేదు. దాంతో ఆవిడ ఇంట్లో పడి ఉన్న పాత పలకలు తెచ్చి, ఒక్కో ట్యాంకు కుళాయికి ఒక్కోటి కట్టి, బీరు ఏ వాసన వేస్తోందో బలపంతో రాసుకోవడం మొదలుపెట్టింది. ‘బట్టల తాడు’ అని ఒకదాని మీద. ‘కొత్త చెప్పులు’ అని ఇంకోదాని మీద. కడిగిన ట్యాంకు బీరును చెడగొట్టకుండా కాస్తోందా లేదా అని రోజూ పొద్దున్నే అర మగ్గు పట్టి వాసన చూడటం ఎలాగూ ఆవిడ పనే. చూసింది చూసినట్టు రాసింది, అంతే.

ఆ రోజుల్లో పెద్ద ఓనరు బట్టల తాడు బీరుకు ‘స్వర్ణ సింహం’ అని పేరు పెట్టి, జూలు విరబోసిన సింహం బొమ్మతో ఐదు వేల లేబుళ్లు అచ్చు వేయించాడు. వారం గడిచినా ఆ సింహాన్ని అడిగిన నాథుడు లేడు. ఒకరోజు పీపాతో పాటు పలక కూడా పొరపాటున పైకి వెళ్లింది. కౌంటరు మీద దాన్ని చూసి నలుగురు నవ్వారు, నలుగురూ అదే అడిగారు. సాయంత్రానికి పీపా ఖాళీ. పెద్ద ఓనరు స్వయంగా పద్నాలుగు మెట్లూ దిగి వచ్చి, “ఇకమీదట ట్యాంకు కడిగిన చేతిదే పేరు. నాతో సహా ఎవరూ వేలు పెట్టొద్దు,” అని చెప్పి వెళ్లాడు. ఆవిడకు పలకమ్మ అనే పేరు ఆ రోజే స్థిరపడింది. మిగిలిన సింహం లేబుళ్ల వెనక వైపు ఆవిడ ఇప్పటికీ ఇంటి సరుకుల జాబితా రాసుకుంటుంది.

పలకమ్మ బీరు తాగదు. ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకుని ఎరుగదు. ఎందుకని అడిగితే, “నాలుకకు తొందరెక్కువ. బాగుంది బాగుంది అనేస్తుంది. ముక్కు నిదానంగా చూసి నిజం చెప్తుంది,” అనేది. అనేటప్పుడు కాస్త మెడ పైకెత్తేది కూడా. ఆ మాత్రం గర్వం లేకపోతే రోజుకు ఆరు గంటలు తడి నేల మీద నిలబడటం ఎవరి తరం?

సీసా వెనక నాలుగు వాక్యాలు రాసే బాధ్యత ఆఫీసులో ఒకతనిది. అందరూ అతన్ని కథల బాబు అంటారు. పలకమ్మ పెట్టిన పేర్లకు చిలవలు పలవలు అల్లడం అతని ఉద్యోగం. ‘ఏడో మెట్టు’ అంటే మనిషి ప్రశాంతతను చేరుకునే ఆఖరి సోపానమని రాశాడు. నిజానికి ఆ ట్యాంకు నింపిన రోజు పలకమ్మ ఏడో మెట్టు మీద జారి బకెట్టుతో సహా కూలబడింది. ‘ఆలస్యంగా వచ్చిన బస్సు’ అంటే జీవనయాత్ర అని రాశాడు. అది పులియడానికి తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది, అంతే. ‘అత్తగారి మౌనం’ గురించైతే అతను రాసింది చదివి ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. పూర్వీకుల సహనమట! అత్తగారు ఒకసారి అలిగి పదకొండు రోజులు నోరు విప్పలేదు. ఆ పదకొండు రోజులూ ఇల్లంతా మూసిన బీరువా తెరిచినట్టు చేదుగా, బరువుగా ఒక వాసన. ఆ నల్ల బీరు అచ్చం అదే వాసన వేసింది.

ఇప్పటికి నలభై మూడు పేర్లు. ఇంటికి వెళ్లే దారిలో ఒక పెద్ద దుకాణం అద్దాల వెనక ఆ సీసాలు వరసగా ఉంటాయి. పలకమ్మ అక్కడ ఆగి పేర్లు చదువుకుని గానీ కదలదు. ఒకసారి బస్సులో ముందు సీట్లో ఇద్దరు, “అత్తగారి మౌనం రెండు తీసుకున్నా,” అని మాట్లాడుకుంటుంటే వింది. ఆ పేరు పెట్టింది నేనే అని చెప్పబోయి, చెప్పకుండా, కడుపు నిండిపోయి, దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు వెళ్లిపోయింది.

రెండు నెలల కింద నాలుగు రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. ఆ సంగతి ఆవిడ ఒక్క భర్తకే చెప్పింది. ఆయన బస్సు కండక్టరుగా చేసి మానుకున్న మనిషి. ఈ పొద్దున కూడా స్టవ్ మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి ఉన్నా అవి మాడుతున్న సంగతి ఆవిడకు తెలియలేదు.

“అడుగంటాయా? మీరే చెప్పండి,” అంది గిన్నె ఆయన మొహం దగ్గరికి తీసుకెళ్లి.

“కొంచెం,” అన్నాడాయన కిటికీ తెరుస్తూ. “ముప్పై ఐదేళ్ల కాపురంలో నన్ను ఒక మాట అడిగి చేసింది ఈ రెండు నెలల్లోనే. ఏ మాటకామాట చెప్పుకోవాలి, నాకైతే బాగానే ఉంది.”

“మీకు సరదాగా ఉంది. నాకు ప్రాణం పోతోంది.”

“పనిలో చెప్పేయకూడదటే?”

ఏం చెప్తుంది? వాసన తెలియని మనిషి ట్యాంకు కడగడానికి పనికిరాదు. ట్యాంకు కడగని మనిషికి పేరు పెట్టే హక్కు లేదు. ఆ ఒక్కటీ పోతే ఆమె ఎవరు? పొట్టిగా, తడి బూట్లతో నడిచే ఒక ముసలామె. అందుకే నోరు నొక్కుకుంది. ఈ రెండు నెలల్లో రెండు బీర్లకు పేర్లు పెట్టింది కూడా. దేవుడి దయవల్ల రెండుసార్లూ మేస్త్రి పక్కనే ఉండి, తనలో తానే సణుక్కుంటూ వాసన చెప్పేశాడు. “ఏంటక్కా ఇది, పార్సిల్‌లా అట్టపెట్టె కంపు కొడుతోంది,” అన్నాడు ఒకసారి, అన్నట్టే ఆవిడకు గుర్తు. అంతే, ‘విప్పని పార్సిల్’ అని రాసేసింది. వయసు పెరిగే కొద్దీ ఇతనికి వాగుడు ఎక్కువైంది, నా పాలిట మంచిదే అనుకుంది.

ఇవాళ మాత్రం గడ్డురోజు. నాలుగో నంబరు ట్యాంకులో బీరు సిద్ధమైంది. ఐదింటికి లేబుళ్లు అచ్చేసే ప్రెస్సు మనిషి వచ్చి పేరు పట్టుకెళ్తాడు. ఇంకా పలక ఖాళీగానే ఉంది. పొద్దుట్నుంచి మేస్త్రి కూడా ఏమీ సణగలేదు.

పన్నెండున్నరకు పలకమ్మ భోజనం డబ్బా పట్టుకుని మెట్లెక్కింది. పైకి వెళ్లాక టార్చిలైటు రెండో ట్యాంకు దగ్గర మరిచిపోయినట్టు గుర్తొచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టి మళ్లీ దిగింది. బూట్లు విప్పేసి చెప్పులతో ఉంది కాబట్టి చప్పుడు కాలేదు.

రెండో ట్యాంకు ముందు మేస్త్రి మోకాళ్ల మీద ఉన్నాడు. చొక్కా చేతులు భుజాల దాకా మడిచి, ట్యాంకు మూతికుండే రబ్బరు రింగు ఊడదీసి, దాని వెనక గాడిని చిన్న బ్రష్షుతో గీకుతున్నాడు. పక్కన సోడా నీళ్ల బకెట్టు పొగలు కక్కుతోంది. ఆవిడ బోర్లించి వెళ్లిన మగ్గు వెల్లకిలా నేల మీద ఉంది.

పలకమ్మ ఆఖరి మెట్టు మీదే ఆగింది. వెంటనే ఒళ్లు మండిపోయింది.

“నా వెనకాల కడుగుతున్నావా?”

మేస్త్రి అదిరిపడి లేచాడు. ఆరడుగుల మనిషి, ఇరవై ఆరేళ్లుగా అక్కా అని పిలిచిన మనిషి, దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లాడిలా చేతులు వెనక పెట్టుకున్నాడు.

“అది కాదక్కా... రింగు కొంచెం బిగుసుకుందని...”

“పులుపు వచ్చిందా?”

అతను నేల చూశాడు.

“వచ్చిందా రాలేదా? నా మొహం చూసి చెప్పు.”

“వచ్చింది. తలుపు దగ్గరికే కొట్టింది.”

తలుపు దగ్గరికే! ఒకప్పుడు ఆవిడ పై మెట్టు మీద నిలబడి ఏ ట్యాంకులో తేడా ఉందో చెప్పేది. ఇవాళ తల లోపల పెట్టి కూడా శుభ్రమని మగ్గు బోర్లించింది.

“ఎన్నాళ్లుగా?”

“ఏడు వారాలైంది. రోజూ కాదులే. నింపే ముందు ఒకసారి చూసుకుంటున్నా. ఇప్పటిదాకా రెండుసార్లే కడగాల్సి వచ్చింది, ఇది మూడోది.” ఆగి, మెల్లగా అన్నాడు. “జ్వరం నుంచి వచ్చిన మొదటి రోజే అర్థమైందక్కా. సోడా బకెట్టు మీద మొహం పెట్టి, తుమ్మలేదు నువ్వు.”

పలకమ్మ పక్కనే ఉన్న పీపా మీద కూర్చుంది. విప్పని పార్సిల్ గుర్తొచ్చింది. అతని వాగుడు ఎందుకు ఎక్కువైందో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

“పార్సిల్ కూడా నీదేనన్నమాట.”

“అట్టపెట్టె నాది. పార్సిల్ నీదే,” అన్నాడు మేస్త్రి. “అట్టపెట్టె కంపు అన్నాను నేను. విప్పనిది అని నువ్వే కలిపావు.”

“పార్సిల్ అన్నావు.”

“అననే లేదు. నీ మీద ఒట్టు.”

అన్నాడో లేదో ఇద్దరికీ తేలలేదు. ఆ వాదనలో పడి కాస్త ఊపిరి తిరిగింది. తర్వాత మేస్త్రి బకెట్టు వైపు చూస్తూ, “ఓనరమ్మకు తెలిస్తే నిన్ను సీసాల గదికి పంపించి, పేర్లకు ఫోన్లో ఓట్లు పెట్టిస్తుంది. ఆవిడకు ఆ సరదా ఎప్పట్నుంచో ఉంది. నీ పేర్లు పోతే ఇది నీళ్ల ఫ్యాక్టరీతో సమానం అక్కా. రిటైరయ్యే దాకా ఇలాగే లాగించేద్దాం. నేను కడుగుతాగా,” అన్నాడు.

పలకమ్మ నేల మీది మగ్గు చేతిలోకి తీసుకుంది. చొట్టలు పడ్డ పాత మగ్గు. చేరిన మొదటి వారం కొన్నది. దీన్ని బోర్లించాక ఇంకో మనిషి మళ్లీ చూడాల్సి వచ్చిందంటే, ఇది మగ్గేమిటి, తానేమిటి?

“నువ్వు ఒకరోజు రాకపోతే?” అంది. “ఆ పులిసిన బీరు మీద నేను పెట్టిన పేరుంటుంది. వద్దు తమ్ముడూ. నలభై మూడూ శుభ్రంగా ఉన్నాయి. అలాగే ఉండనీ.”

అంతే. లేచి మెట్లెక్కింది.

ఓనరమ్మ పెద్ద ఓనరు కూతురు. గౌను వేసుకునే వయసు నుంచి పలకమ్మను పిన్నీ అనే పిలుస్తుంది. పలకమ్మ కుర్చీలో కూర్చోకుండా, చుట్టూ తిప్పకుండా చెప్పేసింది. రెండు నెలలుగా వాసన లేదని చెప్పింది, మూడు ట్యాంకుల సంగతి చెప్పింది. మేస్త్రి అట్టపెట్టె మాత్రం చెప్పలేదు. ఓనరమ్మ పెన్ను మూత పెట్టడం మరిచిపోయి వింది.

“మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు పిన్నీ?”

“పొగరు,” అంది పలకమ్మ.

ఓనరమ్మకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. “సరే, సీసాల గదిలో కూర్చుని చేసే పని...”

“వద్దమ్మా. ఇవాళ్టితో చాలు. కానీ నాలుగో ట్యాంకు నేను కడిగింది, ముక్కు పనిచేస్తున్న రోజుల్లో కడిగింది. దాని పేరు నాదే. ఐదింటికి ఇస్తాను.”

“ఎలా పెడతావు?”

“అడుగుతాను,” అంది పలకమ్మ. ఆ మాట పలకడానికి ఆవిడకు ఎంత కష్టమైందో ఓనరమ్మకు తెలియదు. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ అందరూ ఆవిడను అడిగారే గానీ, ఆవిడ ఎవర్నీ అడగలేదు.

నాలుగో ట్యాంకు నుంచి మగ్గు నిండా పట్టింది. బీరు లేత రాగి రంగులో, పైన సన్నటి నురుగుతో ఉంది. ముందు మేస్త్రి ముక్కు కింద పెట్టింది. “ఎలా ఉందో చెప్పు. సణగక్కర్లేదు, తిన్నగా చెప్పు.”

“వాన వెలిసాక సైకిలు సీటు,” అన్నాడు మేస్త్రి ఏమాత్రం ఆలోచించకుండా. ఎన్నాళ్లుగా దాచుకున్నాడో పాపం.

సందులో వ్యాను తుడుస్తున్న డ్రైవరు, కొత్తగా సున్నం వేసిన గది అన్నాడు. ఓనరమ్మ, చిన్నప్పుడు నాన్న కోటు జేబులో చెయ్యి పెట్టినట్టుందని చెప్పి మొహం పక్కకు తిప్పుకుంది. కథల బాబు మగ్గును రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని, “ఉషోదయ వేళ...” అని మొదలుపెట్టాడు.

“బాబూ, నీకు పుణ్యముంటుంది. మామూలుగా చెప్పు.”

అతను కళ్లు తెరిచాడు. “హాస్టల్లో మొదటి రోజు పరుపు,” అన్నాడు చిన్నగా. అతని నోటి నుంచి అంత చిన్న మాట వినడం ఆవిడకు అదే మొదలు.

సీసాల గదిలో మూతలు బిగించే ఒకామె ఉంది, పలకమ్మ ఆమెను చెల్లెలంటుంది. నలభై అయిదేళ్లు ఉంటాయి, మాటకు ముందు చెయ్యి అడ్డం పెట్టుకునే మొహమాటస్థురాలు. మగ్గు దగ్గరికి తీసుకుని, వదిలి, మళ్లీ తీసుకుంది. “ముందు నారింజ తొక్క అక్కా. అది పోయాక పెన్సిలు చెక్కిన పొట్టు. చిట్టచివర... నవ్వకు మరి... ఇస్త్రీ పెట్టె.” పలకమ్మ నవ్వలేదు. మూడు అంచెల్లో వాసన చూసే మనిషి ఇన్నేళ్లుగా పద్నాలుగు మెట్ల పైన మూతలు బిగిస్తోందా అని ముక్కున వేలేసుకుంది.

నాలుగున్నరకు కింది గదికి తిరిగొచ్చి పలక ముందు నిలబడింది. వెనకాలే ఒక్కొక్కరూ దిగి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డారు. ఒక మగ్గు, అయిదుగురు మనుషులు, అయిదు వాసనలు. ఎవరిది రాస్తుంది? సైకిలు సీటు రాస్తే కోటు జేబు అబద్ధమైపోతుంది. ఇన్నాళ్లూ ఆవిడ ఒక బీరుకు ఒకే వాసన ఉంటుందనీ, అది తనకే తెలుసనీ అనుకుంది. ఎంత పొగరు! అనుకుని, ఆ పొగరుకు కూడా కాస్త మురిసింది. ఆ పొగరుతోనే కదా నలభై మూడు పేర్లు పుట్టాయి.

పొద్దున పాలగిన్నె గుర్తొచ్చింది. కిటికీ తెరుస్తున్న భర్త మొహం గుర్తొచ్చింది. బలపం తీసుకుని, అక్షరం అక్షరం గుండ్రంగా రాసింది.

‘మీరే చెప్పండి.’

ముందుగా డ్రైవరు పకపకా నవ్వాడు. “ఎలా ఉంటుంది అని అడిగితే కౌంటరు మీద ఏం చెప్తారు? మీరే చెప్పండి!” ఓనరమ్మ చప్పట్లు కొట్టింది. కథల బాబు జేబులోంచి కాగితం తీసి, “వెనకాల ఏం రాయమంటారమ్మా?” అన్నాడు.

“ఈసారి జరిగింది జరిగినట్టు రాయి.”

“ఎవరూ నమ్మరు.”

“నమ్మకపోతే పోనీ. ఇన్నాళ్లూ నువ్వు రాసినవి నమ్మారుగా.”

మేస్త్రి మాత్రం నవ్వలేదు. పలక దగ్గరికి వచ్చి, మెడ వంచి రెండుసార్లు చదివాడు. “అక్కా,” అన్నాడు. “ఇన్నేళ్లూ నీ ముక్కు పెట్టిన పేర్లనుకున్నాం. ఇది ముక్కు పెట్టింది కాదు, నువ్వు పెట్టింది. అంటే అవన్నీ నువ్వు పెట్టినవే.”

పలకమ్మ మెడ, పాత రోజుల్లోలాగే, కాస్త పైకి లేచింది.

ఐదింటికి ప్రెస్సు మనిషి పేరు రాసుకుని వెళ్లాడు. మిగతావాళ్లు పైకి వెళ్తుంటే సీసాల చెల్లెల్ని ఆగమంది. బూట్లు మళ్లీ తొడుక్కుంది. “రెండో ట్యాంకు ఇంకా నా లెక్కలోనే ఉంది. కడిగేసి పోతాను. నువ్వు వాసన చూడు.”

మేస్త్రి సగంలో వదిలిన రింగు గాడిని ఆవిడ గోళ్లతో, బ్రష్షుతో, వేడి సోడా నీళ్లతో మళ్లీ శుభ్రం చేసింది. మూడు విడతలు నీళ్లు పెట్టింది. ఆఖరి నీళ్లు మగ్గులో పట్టి చెల్లెలి చేతికిచ్చింది. చెల్లెలు మగ్గులో వాసన చూసింది, ట్యాంకు మూతి దగ్గర వంగింది, లేచింది. ఏదో అనబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఏమైంది?”

“ఏం లేదక్కా. బాగానే ఉంది.”

“చెల్లాయ్,” అంది పలకమ్మ, పలక వైపు వేలు చూపించి. “ఇందాకే రాశాను కదా. చెప్పు.”

చెల్లెలు మళ్లీ ట్యాంకు వైపు చూసింది. “కొంచెం... ఉందక్కా. పైన ఎడమ వైపు. చాలా కొంచెం.”

పలకమ్మ గుండె మీంచి పెద్ద బరువేదో దిగిపోయింది. తన కడుగుడుకు వంక పెట్టినందుకు ఇంత సంతోషం కలుగుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. “అదీ!” అంది. “అలా చెప్పాలి. నేను కడిగినా సరే, మేస్త్రి కడిగినా సరే, ఓనరమ్మే వచ్చి కడిగినా సరే. ఇంక పలకలు నీవి. ఓట్లూ గీట్లూ అంటే ఒప్పుకోకు. ఓనరమ్మతో నేను చెప్పే వెళ్తాను.”

మళ్లీ భుజాల దాకా దూరింది. పైన ఎడమ వైపు, బ్రష్షు అందని చోట, చేతిగుడ్డ చుట్టి వేళ్లతో రుద్దింది. మళ్లీ మూడు విడతల నీళ్లు. ఈసారి చెల్లెలు కళ్లు మూసుకుని చాలాసేపు ఉంది. కళ్లు తెరిచి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, “శుభ్రం,” అంది. మగ్గు ఆవిడకు అందించబోయింది.

“నాకెందుకు? వాసన చూసినవాళ్లే పెట్టాలి.”

బూట్లు కడిగి గోడ వారన పెట్టింది. తలగుడ్డ విప్పి, పిండి, మడిచి సంచిలో వేసుకుంది. తినని భోజనం డబ్బా పైనే ఉంది, ఇంటికెళ్లి ఆయనతో కలిసి తింటే సరి. చెప్పినా నమ్మడు, పొద్దున మిమ్మల్ని అడిగిన మాటే పేరుగా పెట్టొచ్చాను అంటే. రేపట్నుంచి బస్సులో ఎక్కడ దిగినా అడిగేవాళ్లు లేరు.

మెట్లెక్కుతూ ఏడో మెట్టు మీద జాగ్రత్తగా ఆగి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. రెండో నంబరు ట్యాంకు పైపు పక్కన, చిన్న చెక్క మీద, చొట్టలు పడ్డ స్టీలు మగ్గు బోర్లించి ఉంది. అంచు నుంచి ఒక నీటి చుక్క ఇంకా జారాలా వద్దా అన్నట్టు వేలాడుతోంది.